ఎడమచేయి – ఆటమీటలు

రేడియో నాబును ఏ చేత త్రిప్పుదురని అడిగినచో మనలో చాలమంది వెంటనే బదులు చెప్పజాలరు. ఏ చేయి దగ్గరగా నున్నచో ఆ చేత త్రిప్పుదుము. కుడిచేత కాఫీ గ్లాసు ఉన్నచో ఎడమచేత త్రిప్పుదుము. నాబు గుండ్రని వస్తువు. దానికి కుడియు లేదు, ఎడమయు లేదు.

తొలినాటి వీడియో ఆటలను ఆడించినదియు ఇట్టి నాబే. రేడియోలో ధ్వనిని హెచ్చించి తగ్గించు భాగమునకును, 1972లో అటారీ కంపెనీవారు విడుదల చేసిన పాంగ్ అను ఆటలో తెరమీది బ్యాటును పైకి క్రిందికి జరుపు భాగమునకును సూత్రమొక్కటే: నాబును త్రిప్పినకొలది విద్యుత్ ప్రవాహమునకు కలుగు నిరోధము మారును. ఈ విధముగా రెండు చేతులకును సమానముగా ప్రారంభమైన ఆట కొలది సంవత్సరములలోనే ఒక చేతి పక్షము వహించెను. ఆ పక్షపాతమును సరిదిద్దుటకు దాదాపు నలువది సంవత్సరములు పట్టెను. ఆ కథయే నేటి మా ప్రసంగ విషయము.

ఎడమచేతివాటము అరుదైన వింత కాదు. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన, అంతకుముందు పలుచోట్ల జరిగిన పరిశీలనలను ఒకచోట చేర్చి, 20 లక్షలకు పైబడిన జనుల వివరములను లెక్కించి, నూటికి 10.6 మంది ఎడమచేతివాటము గలవారని తేల్చినది. అనగా పదిమంది పిల్లలు చేరి ఆడుకొను వీథిలో ఒకరు అట్టివారుందురని అనుకొనవచ్చును. మన యిండ్లలో ఆ ఒక్కరి బాల్యము ఎట్లు గడచునో అందరును ఎరిగినదే. ఎడమచేత అన్నము కలిపినచో అమ్మమ్మ చేతిమీద ఒకటి వేయును. ఎడమచేత డబ్బిచ్చినచో కొట్టులోని పెద్దమనిషి పుచ్చుకొనక, "ఆ చేత కాదు బాబూ" అనును. ఎడమచేత బలపము పట్టినచో పంతులుగారు దానిని తీసి కుడిచేతిలో పెట్టుదురు.

ఆచారములలోని మంచిచెడ్డలను విచారించుట మా ఉద్దేశము కాదు. అయితే ఆచారములు ఎన్నడు పుట్టినవో, ఎవరు పుట్టించిరో చెప్పుట కష్టము. ఆటపెట్టె విషయమున అట్టి కష్టము లేదు. అది మన తాతల కాలమున లేదు. మన కన్నుల యెదుట పుట్టి పెరిగినది. ఏ మీటను ఎవరు ఎప్పుడు ఎక్కడ అమర్చిరో చాలవరకు తెలియుచున్నది. కనుక ఏ పక్షమును లేని వస్తువు కుడిచేతి వస్తువుగా ఎట్లు మారునో తెలిసికొనగోరువారికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమును చూడవచ్చిన సందర్శకుల వినోదమునకై విలియం హిగిన్‌బోథామ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరపై టెన్నిసు ఆటను చూపెను. ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క చిన్న పెట్టె. దానిపై బంతి పోవు కోణమును నిర్ణయించు నాబొకటి, బంతిని కొట్టు మీట ఒకటి. అంతే.

తరువాత 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పి.డి.పి.-1 అను కంప్యూటరుపై స్పేస్‌వార్ అను ఆటను నిర్మించిరి. ఇద్దరు ఆటగాండ్రు చెరియొక నౌకను నడపుచు, ఒకరి నౌకను ఒకరు కాల్చుకొందురు. మొదట వారు కంప్యూటరు ముఖఫలకముపై ఉన్న పరీక్షా స్విచ్చులనే కదలించి ఆడిరి. మోచేతులు నొప్పి పుట్టెను. అదియుగాక స్విచ్చులు తెరకు ఒక ప్రక్కగా నుండుటచే ఇద్దరిలో ఒకరికి తెర చక్కగా కనబడెను, రెండవవారికి అంత చక్కగా కనబడలేదు. అప్పుడు ఆలన్ కోటాక్, బాబ్ సాండర్స్ అను మిత్రులు విడిగా రెండు పెట్టెలను చేసి తీగలతో కంప్యూటరునకు కలిపిరి. ఆటగాని దేహము యంత్రమునకు తగినట్లు వంగుటకు బదులు, యంత్రమే ఆటగాని చేతిలోనికి వచ్చెను. ఈ సూత్రమును మనస్సున ఉంచుకొన గోరుచున్నాము. తరువాతి కథ యంతయు ఈ సూత్రమును మరచుట, మరల జ్ఞప్తికి తెచ్చుకొనుట మాత్రమే.

పాంగ్ ఆటకు చేయి ఒక్కటి చాలును. అది ఏ చేయి అయినను సరియే. 1980లో జపానులో వెలువడిన పాక్-మాన్ ఆటలో సైతము నడుమ ఒక కర్ర మాత్రమే కలదు. నొక్కవలసిన మీట లేదు. చిక్కంతయు ఆటలో రెండవ పని చేరినప్పుడు కలిగినది. ఒక చేత నడపుట, మరియొక చేత కాల్చుట. పనులు రెండయినచో ఏ పని ఏ చేతిదను ప్రశ్న పుట్టక తప్పదు.

1977లో అటారీవారు ఇండ్లలోని టెలివిజనుకు తగిలించుకొను ఆటయంత్రమును అమ్మజూపిరి. దానితో వచ్చిన జాయ్‌స్టిక్కు ఒక నల్లని చదరపు పెట్టె, దాని నడుమ నిలువుకర్ర. కాల్చు మీట ఒక్కటే. అది పెట్టెకు పైభాగమున ఎడమ మూలలో నున్నది. కావున పెట్టెను ఎడమచేత పట్టి, ఎడమ బొటనవ్రేలితో మీటను నొక్కి, కుడిచేత కర్రను నడపవలెను. నేర్పంతయు కర్ర నడపుటలోనే యున్నది. ఆ పని కుడిచేతికి దక్కినది.

ఎడమచేతివాటము గల బాలుడు ఏమి చేయవలెను? పెట్టెను కుడిచేత పట్టినచో మీట ఆ బొటనవ్రేలికి అందదు. పెట్టెను కుడివైపునకు పావుచుట్టు త్రిప్పినచో మీట కుడి మూలకు వచ్చును, కాని అప్పుడు పెట్టెకు 'పైకి' అయినది ఆటగానికి 'కుడికి' అగును. కర్రను కుడికి నెట్టినచో తెరమీది బొమ్మ పైకి పోవును. అందుచేత కొందరు పెట్టెను విప్పి, లోపల నాలుగు దిక్కులకు సంబంధించిన నాలుగు తీగలను ఒకదాని చోట నొకటి మార్చి బిగించుకొనిరి. నాలుగు తీగలు మార్చుటతో తీరిపోయిన లోపమది. కాని పెట్టెను విప్పుటకు ధైర్యము, విప్పనిచ్చు తండ్రి ఉండవలెను గదా!

మీటను ఆ మూలలో పెట్టినవారికి ఎడమచేతివారిపై ద్వేషము ఉండి యుండదు. చేయువాడు తన చేతిని కొలతగా తీసికొనును. ఆ కొలత సరిపోనివాడు ఆ గదిలో లేనిచో లోపము తెలియదు. అయినను నష్టము నష్టమే. అది డబ్బు నష్టము కాదు. పదేండ్ల బాలుడు ఆటలో మాటిమాటికి ఓడిపోయినప్పుడు పెట్టెను తప్పుపట్టడు, తన చేతిని తప్పుపట్టుకొనును. "నాకు చేతకాదు" అనును.  ఆ మాటను పిల్లవానిచేత అనిపించినది ఒక మూలనున్న మీట అని అతనికి చెప్పువారెవరు?

ఆ కాలముననే వేరొక దారి తెలియకపోలేదు. మాటెల్ కంపెనీవారు 1980లో అమెరికా అంతట అమ్మిన ఇంటెలివిజన్ అను యంత్రమునకు మీటలు రెండు ప్రక్కలను సమానముగా నుండెను. ఏ చేత పట్టినను అందును. పరిష్కారము కొత్తగా కనుగొనవలసినది కాదు, తలచుకొనవలసినది మాత్రమే అని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇంతలో కథ ఒక వింత మలుపు తిరిగెను. 1981లో నింటెండోవారి డాంకీ కాంగ్ అను ఆట అంగళ్లలో నిలువుపెట్టెగా వెలసినప్పుడు కర్ర ఎడమవైపునను, దూకు మీట కుడివైపునను ఉండెను. 1982లో అదే ఆటను చేతిలో ఇముడు చిన్న యంత్రముగా చేయునప్పుడు గుంపే యొకోయి అను రూపకర్త కర్రకు బదులు కూడిక గుర్తువంటి నాలుగు దిక్కుల మీటను ఎడమ బొటనవ్రేలి క్రింద అమర్చెను. 1983 జూలైలో జపానులో విడుదలైన ఫామికామ్ యంత్రమునకు అదియే మాదిరి. అది ప్రపంచమంతట వ్యాపించి, నేటికిని కంట్రోలరు అనగా అట్టిదే అను భావము నాటుకొన్నది.

ఇందులోని విశేషమును గమనింతురు గాక. 1977లో నడపుట కుడిచేతి పని. 1983 నాటికి అది ఎడమచేతి పని అయినది. ఆరేండ్లలో కుడియెడమలు తారుమారైనవి. అయినను కోట్లకొలది కుడిచేతివారు ఆ క్రొత్త పద్ధతికి అలవాటుపడి, చివరకు అదియే సహజమని అనుకొనసాగిరి. ఆటలో మనము సహజమని పిలుచునది చాలవరకు మన చేతికి మొట్టమొదట అందిన పెట్టె మిగిల్చిన జ్ఞాపకమే. ఎడమచేతివారు కూడ ఈ కంట్రోలరుకు చాలవరకు అలవాటుపడిరి. రెండు బొటనవ్రేళ్లకు పని సమానముగా పంచినచోట చేతివాటము అంతగా అడ్డురాదు.

అయినను అంతయు అలవాటే అని తోసివేయుట న్యాయము కాదు. అందరును ఒకే అలవాటునకు లోబడవలసిన పని లేదని 1989లో అటారీవారు అమ్మిన లింక్స్ అను చేతియంత్రము చూపెను. దీనిని ఎపిక్స్ అను కంపెనీలో ఆర్.జె. మైకల్, డేవ్ నీడిల్ అనువారు రూపొందించిరి. యంత్రమును తలక్రిందులుగా త్రిప్పి పట్టుకొని, రెండు మీటలను కలిపి నొక్కినచో తెరమీది బొమ్మ కూడ తిరిగి నిటారుగా నిలుచును. దిక్కుల మీట కుడిచేతికి వచ్చును. కాల్చు మీటలు పైనొక జంట, క్రిందనొక జంట ఉండుటచే త్రిప్పినను చేతికి అందును. వింత యేమనగా, ఈ ఎపిక్స్ వారే కొలది కాలమునకు పూర్వము ఎడమ అరచేతికి సరిగా ఇమిడి, కుడిచేత మాత్రమే కర్ర నడపదగిన జాయ్‌స్టిక్కును అచ్చుపోసి అమ్మిరి. ఒకే యింట పక్షపాతమును, దానికి విరుగుడును పుట్టినవి.

చిక్కు మరల మౌసుతో వచ్చెను. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తలపెట్టిన ఈ సాధనమును ఆయన 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద సభ యెదుట ప్రదర్శించెను. ఆయన కుడిచేత మౌసును, ఎడమచేత ఐదు మీటల చిన్న పలకను పట్టుకొని పనిచేసెను. గురిచూపుట కుడిది, ఆజ్ఞలిచ్చుట ఎడమది. 1996లో వచ్చిన క్వేక్ వంటి కాల్పుల ఆటలలో ఈ పంపకమే స్థిరపడెను: కుడిచేత మౌసు, ఎడమచేత కీబోర్డుపై నాలుగక్షరముల మీటలు. గురిచూచుట సూక్ష్మమైన పని, అది వ్రాతవంటిది. బొటనవ్రేలి పనివలె దానిని ఏ చేతికైనను ఒప్పగించుట సులభము కాదు. కనుక ఎడమచేతి ఆటగాడు మౌసును ఎడమవైపునకు మార్చుకొని, కుడిచేతికి బాణపు గుర్తుల మీటలనో, అక్షరములలో కుడివైపు వానినో ఎన్నుకొనవలసి వచ్చెను. ఆట అట్లు మార్చుకొననిచ్చినచో సుఖమే. మీటలు మార్చుటకు వీలులేని ఆటలలో అతడు చేతిని మార్చుకొనవలెను, లేదా ఆటను మానుకొనవలెను. దీనికి తోడు మౌసులు కుడి అరచేతి వంపునకు తగినట్లు అచ్చుపోయబడెను. రేజర్ కంపెనీవారు 2020లో ఎడమచేతికొక ప్రత్యేకమైన మౌసును విడుదల చేయుట నాడు వార్తయైనదనగా, అట్టి వస్తువు ఎంత అరుదో ఊహించుకొనవచ్చును.

కన్సోలు ఆటలలో కూడ ఇదే జరిగినది. 1997 తరువాత కంట్రోలరుపై రెండు చిన్న కర్రలు వచ్చినవి. 2001లో హేలో అను ఆట ప్రసిద్ధి చెందిన పిమ్మట ఎడమ కర్ర నడచుటకు, కుడి కర్ర చూచుటకు, గురిపెట్టుటకు అను ఏర్పాటు వాడుకలో నిలిచెను. రెంటిని తారుమారు చేసికొను సదుపాయమును కొన్ని ఆటలు కల్పించినవి, కొన్ని కల్పింపలేదు.

ఎడమచేతివారికి ఎక్కువ మనస్తాపము కలిగించిన సంగతి వేరొకటి. నింటెండోవారి జెల్డా ఆటలలో కథానాయకుడు లింక్ అను వీరుడు. మొదటి ఆట 1986లో వచ్చినది మొదలు అతడు ఎడమచేతివాటము గలవాడుగా పేరుపొందెను. 2006లో ట్విలైట్ ప్రిన్సెస్ అను ఆటను వీ అను క్రొత్త యంత్రమునకు సిద్ధపరచునప్పుడు, ఆటగాడు చేతిలోని రిమోటును విసరినచో లింక్ కత్తి విసరునట్లు చేసిరి. ఎక్కువమంది రిమోటును కుడిచేత పట్టుదురు. ఎడమచేత కత్తి పట్టిన వీరుడు వారికి పొసగడు. ఏమి చేయవలెను? వీరుని ఒక్కనిని మార్చుటకు బదులు ఆటలోని లోకమునంతను అద్దములోవలె తిరుగవేసిరి. పడమటనున్న ఎడారి తూర్పునకు వచ్చెను, వీరుడు కుడిచేతివాడయ్యెను. అదే ఆట పాత యంత్రమునకు వచ్చినప్పుడు మాత్రము అతడు ఎడమచేతివాడుగనే యుండెను. 2011లో వచ్చిన స్కైవర్డ్ స్వోర్డ్ నాటికి లింక్ కుడిచేతివాడుగనే రూపొందింపబడెను. ఎక్కువమంది సౌకర్యమునకై లోకమును తలక్రిందులు చేయగలిగినవారు, తక్కువమంది కొరకు ఒక్క ఎంపికను చేర్చుట అసాధ్యమని ఎట్లు చెప్పగలరు?

కాలము గడచినకొలది ఈ విషయమున మెలకువ కలిగినది. 2015 మార్చిలో ప్లేస్టేషన్ 4 యంత్రముననే మీటల పనులను ఆటగాడు తన ఇచ్చవచ్చినట్లు మార్చుకొను ఏర్పాటు వచ్చెను. అనగా ఆటను చేసినవారు మరచినను యంత్రము మరువదు. 2020 ఏప్రిల్‌లో నింటెండో స్విచ్ యంత్రమునకు అట్టి సదుపాయమే కలిగెను. 2018లో మైక్రోసాఫ్ట్ వారు చేతులు స్వాధీనమున లేనివారిని దృష్టిలో నుంచుకొని ఒక క్రొత్త కంట్రోలరును చేసిరి. దానిపై రెండు పెద్ద మీటలు, వెనుకప్రక్క బయటి మీటలను తగిలించుకొనుటకు 19 రంధ్రములు కలవు. ఏ మీట ఎక్కడ నుండవలెనో ఆడువారే నిర్ణయించుకొందురు. ఎడమచేతివాటము లోపము కాదు. అయినను, అవయవలోపము గలవారి కొరకు జరిగిన పోరాటమువలన ఎడమచేతివారికి కూడ మేలు కలిగినదని కృతజ్ఞతతో చెప్పుకొనవలెను.

అయితే ఒకసారి సంపాదించినది ఎప్పటికిని నిలుచునని నమ్మరాదు. కౌంటర్-స్ట్రైక్ అను ప్రసిద్ధమైన ఆటలో తెరమీది తుపాకిని ఎడమచేతికి మార్చుకొను వీలు పూర్వమునుండియు కలదు. 2023 సెప్టెంబరులో దాని క్రొత్త రూపము వెలువడినప్పుడు ఆ వీలు కనబడలేదు. 2024 ఏప్రిల్‌లో మరల చేర్చబడెను. ఏడు నెలలు చిన్న కాలమే, కాని మరపు ఎంత సులభమో అది చెప్పకయే చెప్పుచున్నది.

ఈ చరిత్రనుండి ఆటలను రూపొందించువారు నేర్వదగిన పాఠములు కఠినమైనవి కావు. ప్రతి పనిని ఏ మీటకైనను మార్చుకొననీయవలెను. రెండు కర్రలను మొత్తముగా తారుమారు చేసికొననీయవలెను. మీటలు మార్చినప్పుడు తెరమీద వచ్చు సూచనలు కూడ మారవలెను. లేనిచో ఆటగాడు ఒక మీట మార్చుకొని మరియొక మీట పేరు చదువవలసివచ్చును. చేతిలో పట్టు వస్తువు ఇరుప్రక్కల ఒకే వంపు గలదై యుండవలెను, లేదా రెండు చేతులకును వేరువేరుగ దొరకవలెను. ఈ ఎంపిక ఏ మూలనో దాగియుండక, ఆట ప్రారంభముననే "మీకు ఏ చేయి అనుకూలము?" అని అడుగవలెను. వీనియన్నిటికంటె ముఖ్యమైనది, ఆటను పరీక్షించు బల్ల యొద్ద ఒక ఎడమచేతివానిని కూర్చుండబెట్టుకొనుట. స్పేస్‌వార్ ఆడిన మిత్రులు తమ మోచేతి నొప్పిని తామే గుర్తించిరి; ఇతరుల నొప్పిని గుర్తించుటకు వారిని పిలిచి అడుగవలెను.

నేడు మన యిండ్లలో పిల్లలు ఆడు ఆటలు చాలవరకు చేతి ఫోనులోనివే. గాజు పలకమీద కనబడు మీటకు తీగ లేదు, అచ్చు లేదు. 2021లో మన దేశమున విడుదలైన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వంటి ఆటలలో తెరమీది మీటలను వ్రేలితో లాగి కావలసినచోట ఉంచుకొనవచ్చును. నాడు పెట్టె విప్పి తీగలు మార్చినవాని పని నేడు వ్రేలితో అగుచున్నది. పిల్లలు గంటలకొలది ఆడుట మంచిదా కాదా అనునది వేరు ప్రశ్న. తల్లిదండ్రులు దానిని విచారింతురు గాక. కాని మీ యింట ఎడమచేతివాటము గల పిల్లయో పిల్లవాడో "నాకు ఈ ఆట చేతకాదు" అని ఫోనును ప్రక్కన పెట్టినచో, ఆ మీటలను ఒకసారి అటుదిటు ఇటుదటు మార్చి చూపుడని మా మనవి. తప్పు చేతిలో లేదు, అమరికలో నున్నదని ఒక్కసారి కంట చూచిన బిడ్డ, పలక యొద్దను, పనిముట్టు యొద్దను ఆ సంగతిని మరువదు.

మనకు భారతకథ కొత్తది కాదు. గాండీవమును రెండు చేతులను లాగగలవాడగుటచే అర్జునునికి సవ్యసాచి అని పేరు వచ్చెను. ఆ పేరులోని సవ్య శబ్దమునకు సంస్కృతమున ఎడమ అని అర్థము. అదే మాటను మనము తెలుగులో 'సవ్యముగా' అని, సక్రమముగా అను అర్థమున వాడుచున్నాము. ఎడమకు పేరైన మాట మన నోట సక్రమమునకు పేరయ్యెను. భాష చేసిన ఈ న్యాయమును ఆటపెట్టెలు చేయువారు కూడ చేసినచో, పదిమంది పిల్లలలో ఆ పదియవవాడు ఆట మొదలుపెట్టకముందే ఓడిపోడు.